ఎనిమిది కాయలు కొట్టిన ఏడు

"డబ్బల తొక్కేసినవానె?"

"ఏయలే. నిన్న ఏసిన తొక్కు అట్లనే మలిపి తెస్తివి. ఇయ్యాల ఉత్త బువ్వ తిను, పో."

"సరె తీ."

నేనూ నా పెనిమిటీ ఈ లోకంలో ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆయన పచ్చడి లేని బువ్వ డబ్బా చేతికి తగిలించుకుని మొదటి షిఫ్టుకు పోయాడు. నేను పొయ్యి ఊదుతున్నాను, తల కూడా ఎత్తలేదు. గడప దాటే మనిషిని "పోయి రా" అని సాగనంపాలని మా అవ్వ చిన్నప్పుడే నేర్పింది. ఆ పొద్దు నాకు ఆ ఓపిక లేకపోయింది.

ఈ మాటలను చాలా ఏళ్లు దాచుకున్నాను. దాచి ఊరుకున్నా బాగుండేది. వీటికి బదులు వేరే మాటలు చెప్పాను. ఆ మాటలు సినిమాలోకి ఎక్కాయి. వాటి వెనకాలే ఇంకొకటి కూడా ఎక్కింది. ఇప్పుడు సినిమాలు చూసి ఇదే చరిత్ర అనుకునే పిల్లలకు ఆ సంగతి చెబుదామని కూర్చున్నాను.

సంతకం పెట్టడం, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. "నువ్వు పుస్తకం భాషలోనే రాయి బిడ్డా, మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు" అన్నాను.

మాది గోదావరి పక్క, ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు తవ్వే ఊరు. మా దిక్కున గనిని బాయి అంటారు. నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్లయింది అప్పటికి. ఆ రోజు పగటి బువ్వ వేళకు, ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత బాయిలో నిలిచిన నీళ్లు గోడ పగలగొట్టుకుని మా వాళ్ల మీద పడ్డాయి. పాత బాయి అంత దగ్గరలో ఉందని కాగితాల మీద గీసి లేదట. తొమ్మిదిమంది పోయారు. అందులో ఒకడు నా పెనిమిటి. ఇంకొకడు మా పక్కింటాయన, నాకు వరుసకు మరిది. బాయి లోపల వాలులో ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేది. అందుకని అందరూ తాడు మనిషి అనేవారు. తలకు ఎప్పుడూ ఎర్ర రుమాలు కట్టేవాడు.

యంత్రం వదిలి పరుగెత్తి ఉంటే ఆయన బతికేవాడు. వాలు అడుగున ఉన్న మనుషులను టబ్బుల్లో రెండుసార్లు పైకి లాగాడు. మూడోసారి ఖాళీ టబ్బులను మళ్లీ కిందికి వదిలి, తాడు ఎప్పుడు బరువెక్కుతుందా అని నిలబడ్డాడు. రెండోసారి పైకి వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు, సొరంగం కప్పుకు కట్టెల దన్ను పెట్టేవాడు. బయట పడ్డాక వణుకుతూ మాకు చెప్పింది ఆయనే.

"మోకాళ్ల దాక నీళ్లొచ్చినా తాడు ఇడువలే. ‘రారా’ అని గుంజిన. ‘కింద ఇంక మనుషులున్నరు, మీరు నడువున్రి’ అన్నడు."

ఇది నేను నా చెవులతో విన్నాను. ఆ కింద ఉన్న మనుషుల్లో నా పెనిమిటి ఉన్నాడు. ఆయన ఏం చేస్తూ పోయాడో చూసినవాళ్లు లేరు. బువ్వ వేళ కాబట్టి తింటూ ఉండి ఉంటాడు. ఉత్త బువ్వ.

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే రోజు పొద్దున, బాయి మూతి దగ్గర మైసమ్మ ముందు తొమ్మిది కొబ్బరికాయలు కొట్టేవారు. ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో కాయ. పెద్దాయనే కొట్టేవాడు.

నా పెనిమిటి పోయాక కొన్నేళ్లు బొగ్గులో రాళ్లు ఏరే పని చేశాను. అంతలో ఒక సేటు మా ఊళ్లో గుడారం వేసి టాకీసు పెట్టాడు. ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపడానికి ఆడమనిషి కావాలన్నాడు. నేలకు గులాబీ రంగు టికెట్, బెంచీకి పచ్చది. చదువుతో పనేముంది? చేరాను. చీర కొంగు కింద ఇద్దరు పిల్లలను దాచి తెచ్చే తల్లులనూ, తెర మీద పాము కనబడితే నేల విడిచి బెంచీ ఎక్కే ముసలమ్మలనూ చూస్తూ హాయిగా గడిచింది. ఒకామె ప్రతి వారం వచ్చేది. హీరో పోయిన వారం సినిమాలో చచ్చిపోయాడు, ఈ వారం గుర్రం మీద వచ్చాడు. నన్ను గిల్లి అడిగింది.

"పోయినారం సచ్చినోడు గీవారం ఎట్ల లేచిండే?"

"వాడు సచ్చినట్టు సేసిండు గనీ నిజంగ సావలేదే."

"మరి నేనేడ్సింది నిజమే గదా!"

అప్పుడు నవ్వాను. ఆమె అడిగినదాంట్లో నవ్వేది ఏమీ లేదని తర్వాత తెలిసింది.

ఒక రోజు సేటు మద్రాసు నుంచి వచ్చిన ఒకాయనను గేటు దగ్గరికి తీసుకొచ్చాడు. సినిమాలకు కథలు రాస్తాడట. జేబులో రెండు పెన్నులు, చేతిలో నోటుపుస్తకం. మంచి మనిషి, నన్ను "అమ్మా" అని పిలిచాడు, తాను నిలబడి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. బాయిలో పోయినవాళ్ల మీద సినిమా తీస్తారట.

"మీ ఆయన ఆ రోజు వెళ్లేటప్పుడు మీరేమన్నారమ్మా?"

సేటు పక్కనే ఉన్నాడు. నలుగురు ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఉత్త బువ్వ తిను పో అన్నానని ఎట్లా చెప్పను?

"నొసట బొట్టు వెట్టిన సారూ. పైలంగ పోయి రా, నీ కోసం సూస్తుంట అన్న. మర్లి నా మొకం సూసి నవ్విండు."

చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు. చెప్పేటప్పుడు నాకూ ఏడుపు వచ్చింది, నిజంగానే జరిగినట్టు. తర్వాత ఆయన తాడు మనిషి సంగతి అడిగాడు. అక్కడ మాత్రం ఒక్క అబద్ధం ఆడలేదు. మరిది మంచితనం, ఎర్ర రుమాలు, నీళ్లలో నిలబడడం అన్నీ చెప్పాను. ఎంత భక్తి గలవాడో తెలియాలని ఇదీ చెప్పాను.

"ఆనాడు గూడ పొద్దుగాల మైసమ్మకు సాక పోసి, ఇంత నోట్లె ఏసుకొనే దిగిండు సారూ."

"సాక అంటే?"

"కల్లు."

పెన్ను ఆగింది. "పనిలోకి దిగే ముందు తాగేవాడా?"

"దినాం పోసెటోడు. ఆయన పొయ్యకుంటె తాడు కదలది" అన్నాను నవ్వుతూ.

పెన్ను మళ్లీ గబగబా నడిచింది. నా మాటకు ఇంత విలువ ఉందా అని మురిసిపోయాను.

తాడు పట్టేవాడే సాక పోయాలని మా బాయి ఆచారం. మైసమ్మ రాయి మీద చెంబెడు కల్లు ధారగా పోసి, అడుగున మిగిలిన గుక్కెడు దోసిట్లో పట్టి తీర్థంలా తీసుకుంటారు. మరిది జీతం రోజు తాగేవాడు, అందరితో పాటే, అది దాచను. కానీ సాక వేరు, తాగుడు వేరు. మా ఊళ్లో పుట్టినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే మద్రాసు ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పు ఏదైనా ఉందంటే ఇదే, అది కూడా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని.

రెండేళ్లకు సినిమా వచ్చింది. "మన బాయి కథ, మన మనుషుల కథ" అని సేటు మైకులో ఊరంతా చెప్పించాడు. గుడారం చుట్టూ జనం. మరిది భార్యను చెల్లె అని పిలిచేదాన్ని. తాను ఇంకా బొగ్గు ఏరే పనిలోనే ఉంది, సినిమాలకు వచ్చే మనిషి కాదు. నేనే ఇంటికి పోయి చెయ్యి పట్టుకుని తెచ్చాను. తెర ముందు చాప వేసి కూర్చోబెట్టాను.

"ఇయ్యాల నీ పెనిమిటి తెర మీదికొస్తడే చెల్లె. కండ్లార సూసుకో."

"నాకు బుగులైతుందక్కా" అని భయంగా అంది.

మొదట తెర మీద అక్షరాలు పడ్డాయి. చదువు వచ్చినవాళ్లు గట్టిగా చదివారు, ఇది నిజంగా జరిగిన కథ అని. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత నా ఇల్లు కనబడింది, నా ఇంటి కంటే పదింతలు పెద్దది. నేను పట్టుచీర కట్టుకుని పెనిమిటి నొసట బొట్టు పెట్టాను. "క్షేమంగా వెళ్లి రండి, మీ కోసం ఎదురుచూస్తుంటాను" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. నేల మీద ఉన్న ఆడవాళ్లంతా తెర విడిచి గేటు దగ్గరున్న నన్ను చూశారు. నేను కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. సిగ్గు లేకుండా ఒత్తుకున్నాను.

ఆ తర్వాత ఎర్ర రుమాలు వచ్చింది.

దాని కింద ఉన్న మనిషి తూలుతున్నాడు. చేతిలో సీసా ఉంది. మైసమ్మ లేదు, చెంబు లేదు, దోసిలి లేదు. సీసా ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని యంత్రం ముందు కూలబడ్డాడు. కింద నీళ్లు పడ్డాయి. మనుషులు టబ్బుల్లో ఎక్కి "లాగరా, లాగు" అని అరుస్తున్నారు. వీడి కళ్లు మూతలు పడ్డాయి. చేతిలోంచి పట్టు జారింది. టబ్బులు మనుషులతో సహా వెనక్కి దొర్లి నీళ్లలో పడ్డాయి. నా పెనిమిటి వేషం కట్టినవాడు మాత్రం ఆ నీళ్లలోనే ఒక్కొక్కరినీ ఎత్తి ఒడ్డుకు వేస్తున్నాడు.

టికెట్ల కట్ట చేతిలోంచి ఎప్పుడు పడిందో తెలియదు. మగవాళ్ల వైపు నుంచి ఎవడో అరిచాడు.

"అరె, గీడు మన తాడు మనిషే రా! నా కొడుకు, తాగి సంపిండు!"

తెర మీదికి గులకరాయి ఒకటి వచ్చి తగిలింది. తర్వాత ఇంకొకటి. ఎర్ర రుమాలు మీదే గురి పెట్టి విసురుతున్నారు. ఆ రాళ్లు తెరకు తగిలి చెల్లె ముందర పడుతున్నాయి. తాను కదలలేదు.

రీలు మార్చడానికి దీపాలు వేశారు. చెల్లె లేచి మనుషులను దాటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"అక్కా, ఎర్ర రుమాల సంగతి ఆళ్లకు ఎవలు జెప్పిన్రు?"

నా మొహం చూసి జవాబు తీసుకుని పోయింది.

తర్వాతి రోజుల్లో నా బతుకు చూడాలి మీరు! దారిలో ఆడవాళ్లు నా కాళ్లకు మొక్కారు. పెళ్లయిన కొత్త పిల్లలను తెచ్చి "నీ లెక్క సాగనంపుడు నేర్పు" అన్నారు. అదే వీధిలో పంపు దగ్గర చెల్లె బిందెను వరసలోంచి తీసి పక్కకు పెట్టారు. నేను చెప్పిన అబద్ధాన్ని సినిమా వాళ్లు ఉన్నది ఉన్నట్టు చూపించారు. నేను చెప్పిన నిజాన్ని అబద్ధం చేశారు. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి?

సేటు దగ్గరికి పోయాను.

"గా ముక్క కోసెయ్యి సేటూ. గది నిజం గాదు."

"రీలు నాదా? కోస్తె మద్రాసోళ్లు నన్ను కోస్తరు. అయినా నీళ్లదే తప్పంటే ఎవడు కూసుంటడే? జనానికి తిట్టెతందుకు ఒక మనిషి గావాలె."

"పాత బాయి సంగతి కాగితం మీద గియ్యనోన్ని తిట్టచ్చుగ?"

"వాడు సినిమల లేడు" అన్నాడు. ఆ మాట నిజమే.

నాకు ఒక్కటే ధైర్యం ఉంది, పెద్దాయన. కళ్లతో చూసిన మనిషి. ఆయన ఇంటికి పోయాను. గుమ్మంలో కూర్చుని చుట్ట తాగుతున్నాడు. సినిమా మూడుసార్లు చూశాడట.

"పెద్దయ్యా, నువ్వన్న జెప్పరాదే. తాడు ఇడువలేదని నువ్వే గద అన్నవ్."

ఆయన చుట్ట నేలకు రాసి ఆర్పాడు. "అన్నట్టే ఉన్న. గనీ ఆనాడు జర తూలినట్టే ఉండె బిడ్డా. సినిమ జూసినంక యాదికొస్తుంది."

నేను అబద్ధం చెప్పాను, అది అబద్ధమని నాకు తెలుసు. ఈయనకు తాను మారినట్టే తెలియదు. ఒక మనిషి తలలోకి పోయి, అక్కడ ఉన్నదాన్ని తీసేసి వేరేది పెట్టి వచ్చారు. చెప్పాలంటే నాకూ అంతే. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఆ పొద్దును గుర్తు చేసుకుంటే, నా వేలికి కుంకుమ అంటుకుని కనబడింది. భయంతో చెయ్యి చీరకు తుడుచుకున్నాను.

వారానికి ఏటా కాయలు కొట్టే రోజు వచ్చింది. మొదటి షిఫ్టు దిగే ముందు అందరం బాయి మూతి దగ్గర చేరాం. అప్పటి తాడు మనిషి సాక పోశాడు. మిగిలిన కల్లు ఒక్కొక్కరూ దోసిట్లో పట్టి నోట్లో వేసుకుని కళ్లకు అద్దుకున్నారు. నేను గంపలోకి చూశాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిది.

"తొమ్మిదోది ఏది?" అన్నాను.

"గా తాగుబోతుకు కాయెందుకు?" అన్నాడు ఒక పడుచువాడు. నీళ్లు పడ్డ రోజున వాడు చిన్న పిల్లవాడు.

చెల్లె దూరంగా, బొగ్గు కుప్ప పక్కన నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు, పొమ్మనలేదు.

పెద్దాయన మొదటి కాయ తీసి నా చేతిలో పెట్టాడు. "ఈ ఏడు మొదటిది నువ్వే కొట్టు బిడ్డా. గసువంటి మొగనికి పెండ్లానివి."

కాయ పట్టుకుని నిలబడ్డాను. కొట్టి ఊరుకుంటే చచ్చేదాకా నా కాళ్లకు మొక్కుతారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. నాకు అది ఇష్టంగానే ఉంది, అదీ దాచను.

"ఈ కాయ మా మరిది పేరు మీద కొడుతున్న" అని రాయి మీద కొట్టాను.

గోల లేచింది. "సినిమల సూడలేదా నువ్వు?" అన్నారు.

"సినిమల నేనున్న గదా! నన్ను సూసిన్రా? గది నేను గాదు. నేను బొట్టు వెట్టలే. పోయి రా అనలే. తొక్కెయ్యలేదు, ఉత్త బువ్వ తిను పో అన్న. మద్రాసాయనకు అబద్ధం జెప్పిన. సాక సంగతి మాత్రం నిజం జెప్పిన, ఆయనకు సమజ్ గాలే."

ఒకామె చెంపలు వేసుకుంది. "అయ్యో, మంచిగున్న పేరు నీ చేతుల్తోని చెడగొట్టుకుంటివి గదనే!"

పడుచువాడు ఒప్పుకోలేదు. "తాగి దిగిండా లేదా? గదొక్కటి చెప్పు."

"ఇప్పుడు నువ్వు దోసిట్లె పట్టిందేంది? మూతి ఇంక తడిగనే ఉంది. నువ్వు తాగి దిగుతున్నవా?"

వాడు గబుక్కున మూతి తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్లందరూ తమ చేతుల వైపు చూసుకున్నారు. అప్పుడు పెద్దాయన, కళ్లు నేల మీద పెట్టి, తనతో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"తాడు జారితె మరి నేనెట్ల పైకొస్తి?"

మళ్లీ అన్నాడు. "నేను పైకొచ్చిన గద. ఎట్ల వస్తి?" గంపలోంచి తర్వాతి కాయ తీసి ఇంకొకరి పేరు చెప్పి కొట్టాడు. ఆ తర్వాత ఇంకొకటి. చివరికి గంప ఖాళీ అయింది. మిగిలింది నా పెనిమిటి పేరు ఒక్కటే. ఆయనకు కాయ లేదు. పెద్దాయన నా వైపు చూశాడు, సైరన్ మోగింది, మనుషులు దిగిపోయారు. నా పెనిమిటి ఆ ఏడు కూడా ఉత్తగానే పోయాడు.

నేను ఆ మాటలు అన్నాక అంతా సర్దుకుందని అనుకోకండి. సేటు నన్ను పని మాన్పించి, గుడారం ఎత్తుకుని హుజూరాబాద్ పోయాడు. అక్కడ కూడా జనం రాళ్లు విసిరారని విన్నాను. అక్కడి వాళ్లకు చెప్పడానికి నేనెక్కడ ఉన్నాను? నేను మళ్లీ బొగ్గు ఏరే పనిలో చేరాను, చెల్లె పక్కనే. ఏడాది పాటు తాను నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు కాయలు కొట్టే రోజున కొంగులో ఒక కాయ తెచ్చి గంపలో తొమ్మిదోదిగా వేసింది. "నీ పెనిమిటికి" అంది. అంతే అంది.

మా మనవరాలు రాస్తూ రాస్తూ మధ్యలో ముక్కు ఎగబీల్చింది. నాకు అనుమానంగా ఉంది. ఏడుపు వచ్చిన చోటే మనుషులు ఏదో ఒకటి కలుపుతారు. నేనూ అక్కడే కలిపాను.

"బిడ్డా, ఏం గలుపలేదు గదా? ఏదీ, మొదట్నుంచి సదువు. తొక్కెయ్యలేదన్న మాట ఉందో లేదో వింట."